పెట్టే చెయ్యి – 3వ పాఠం: ‘పెట్టొద్దు’ అనకుండా తగ్గించడం

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో పెట్టే తిండితో బరువెక్కిన కుక్కకు, వాళ్ల మనసు నొప్పించకుండా తిండి తగ్గించడమే ఈ పాఠాల సంగతి. పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. వారం రోజులు ఎవరినీ ఏమీ అనకుండా, కుక్క నోట్లోకి వెళ్లిన ప్రతిదీ ఒక కాగితం మీద రాయమన్నాను. ఈ పాఠానికి ఆ కాగితమే ఆధారం. ఇంకా రాయనివాళ్లు అది పూర్తి చేశాకే ఇది చదవండి. లెక్క చేతిలో లేకుండా కూర్చుంటే మాటా మాటా పెరుగుతుంది, కుక్క తిండి మాత్రం తగ్గదు.

నా కాగితం చూపిస్తాను. రాజమండ్రిలో మా పెద్దమ్మ దగ్గర బ్రూనో అని ఏడేళ్ల లాబ్రడార్ ఉన్నాడు. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, ముచ్చటపడి తెచ్చుకుని, ఉద్యోగానికి అమెరికాలోని డల్లాస్ వెళ్తూ వాళ్లమ్మకు అప్పగించాడు. నేను వెళ్లినప్పుడు వాడి బరువు 40 కిలోలు. వాడి ఒడ్డుపొడుగుకి 30 ఉంటే చాలని డాక్టరు గారు చెప్పారు. రెండో పాఠంలో నేర్చుకున్నట్టు పక్కటెముకల మీద చెయ్యి వేసి చూస్తే ఒక్క ఎముక కూడా వేలికి తగల్లేదు, అంత కొవ్వు పట్టింది.

రెండు పూటలా గిన్నెలో ప్యాకెట్ ఫుడ్ పడుతుంది. ఇక ఆ పైన నేను రాసుకున్నవి: పొద్దున కాఫీతో నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, సాయంత్రం మరో నాలుగు. టిఫిన్ వేళ ఒక దోసె. మధ్యాహ్నం పెద్దమ్మ కంచంలోంచి పప్పు, నెయ్యి కలిపిన ముద్దలు. రాత్రి ఒక కప్పు పెరుగన్నం. బిస్కెట్ ఒక్కోటి సుమారు 25 కేలరీలు, ఎనిమిదికి 200. నూనె వేసి కాల్చిన దోసె 120 పైమాటే. పెరుగన్నం 200 అనుకుందాం. ఒక్క చెంచా నెయ్యే 45 కాబట్టి మధ్యాహ్నం ముద్దలకు 150 వేశాను. గిన్నెలో తిండి కాకుండానే 670.

వాడికి కావాల్సింది ఎంత? తగ్గాల్సిన కుక్కకు ఒక తేలిక లెక్క ఉంది. ఉండాల్సిన బరువును 30తో గుణించి 70 కలపాలి. బ్రూనోకు 970 వచ్చింది. ఇది అంచనా మాత్రమే, ఖరారు అంకె డాక్టరు గారి దగ్గరే తీసుకోవాలి. అందులో చిరుతిళ్లు పదో వంతు దాటకూడదు. అంటే 97, నాలుగు బిస్కెట్లతో సరి.

ఈ లెక్క మీ పుస్తకంలోనే ఉంచుకోండి. పెద్దవాళ్ల ముందు పరిస్తే నేరం మోపినట్టు ఉంటుంది. నేను చేసిన తప్పు అదే. భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందు, “పెద్దమ్మా, నువ్వే వాణ్ణి పాడుచేస్తున్నావు” అన్నాను. ఆమె తింటున్న కంచం దగ్గర నుంచి లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ బ్రూనోకు ముద్దలు ఇంకా పెరిగాయి.

తర్వాత నెమ్మదిగా అర్థమైంది. ఆ ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటకు కంచం పెట్టుకుంటే పక్కన కూర్చునేది బ్రూనో ఒక్కడే. కొడుక్కి అప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. నేను బిస్కెట్లు తగ్గించమన్నాను, ఆమెకు మాత్రం ఆ కాస్త తోడు కూడా వదులుకోమన్నట్టు వినపడింది.

అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇది. ఆమె రోజుకు ఎన్నిసార్లు పెడుతుందో అన్నిసార్లూ పెట్టనివ్వండి. పెట్టే వస్తువు, దాని పరిమాణం మారాలి. పొద్దున్నే ఆ రోజుకి సరిపడా ప్యాకెట్ ఫుడ్‌ను వంటింటి త్రాసు మీద తూచి, అందులో కొంత విడిగా ఒక స్టీలు డబ్బాలో పొయ్యాలి. కప్పుతో కొలిస్తే రోజుకో రకంగా వస్తుంది, త్రాసే మేలు. ఆ డబ్బా పెద్దమ్మది. కాఫీ వేళ, టిఫిన్ వేళ, కంచం దగ్గర, ఏం పెట్టాలనిపించినా అందులోంచే తన చేత్తో పెట్టాలి. రాత్రికి డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. బిస్కెట్ మానలేకపోతే ఒకటి తీసి నాలుగు ముక్కలు చేసి, నాలుగుసార్లు ఇవ్వమనండి.

ఇక మాటలు. ‘లావు’ అనే మాట అసలు వాడకండి. మన ఇళ్లలో అది పసిపిల్లాణ్ణి అన్నంత తగులుతుంది. “దిష్టి పెట్టకే, నోరులేని జీవి” అన్న జవాబుతో సంభాషణ అక్కడే ముగిసిపోతుంది. ఆమె కళ్లారా చూసేదే మాట్లాడండి. నేను రెండోసారి, ఇద్దరమే ఉన్నప్పుడు ఇలా అన్నాను:

“పెద్దమ్మా, బ్రూనో మేడ మెట్లెక్కడానికి ఆయాసపడుతున్నాడు, చూశావా?”

“అవునే, ఎండలు కదా.”

“ఎండలూ ఉన్నాయి. కాళ్లు కూడా నొప్పిగా ఉన్నట్టున్నాయి. ఒకసారి డాక్టరు గారికి చూపిద్దామా? నువ్వు వస్తేనే వాడు కుదురుగా ఉంటాడు.”

చివరి వాక్యం ఊరికే అన్నది కాదు, నిజం కూడా అదే. ఆమెను తీసుకెళ్లడం చాలా ముఖ్యం. థైరాయిడ్ తగ్గినా, కొన్నాళ్లు స్టెరాయిడ్ మందులు వాడినా కుక్క బరువెక్కుతుంది. ఆ సంగతి తేలాకే తిండి మాట ఎత్తడం న్యాయం. తేలాక డాక్టరు గారినే తెలుగులో, పెద్ద అక్షరాలతో చీటీ రాసివ్వమని అడగండి. అది ఫ్రిజ్ మీద అతికిస్తే ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా ఆమే చూపిస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది.

“వాడి కళ్లు చూడు, ఆకలితో ఉన్నాడు” అన్నప్పుడు కాదనకండి. లాబ్రడార్లలో అది నిజమే కావచ్చు. ఈ జాతిలో సుమారు నాలుగింట ఒక కుక్కకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుందని, అలాంటివాటికి తిండి యావ ఎక్కువని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. కాబట్టి, “అవును పెద్దమ్మా, వాడికి ఆకలి అలా పుట్టుకతోనే ఉంటుందట. ఈ కీరదోస ముక్కలు పెట్టు, కడుపు నిండుతుంది” అనండి. ఉప్పు వేయకుండా ఉడికించిన బీన్స్, క్యారెట్ కూడా పెట్టొచ్చు. కూరలు తరిగే వేళ పక్కనే కూర్చుని ఒక్కో ముక్క అందుకోవడం బ్రూనోకు ఇప్పుడు పెద్ద పండగ.

ఆమె మనసుకు బాగా తాకింది ఇంకో సంగతి. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. నేను పెద్దమ్మకు ఈ అంకెలేవీ చెప్పలేదు. “ఇలా పెడితే వాడు ఇంచుమించు రెండేళ్లు ఎక్కువ నీ దగ్గర ఉండొచ్చట” అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడకుండా వాడి తల నిమురుతూ కూర్చుంది.

కొన్నిటి దగ్గర మాత్రం బేరం లేదు. పరమాన్నంలో ఎండుద్రాక్ష, ద్రాక్షపళ్లు, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, కూరలు కుక్కకు ఒక్క ముద్ద కూడా వద్దు. ఇవి బరువు సంగతి కాదు, విషం. పండగ రోజైనా ఇంతే, గట్టిగానే చెప్పండి.

దొంగచాటుగా పెడుతున్నట్టు తెలిస్తే పట్టుకోవద్దు, నిలదీయొద్దు. మర్నాడు డబ్బాలో ఆ మేరకు తగ్గించి పొయ్యండి. రెండు వారాలకోసారి బరువు చూసి, ఆ అంకెను ఆమె చేతే క్యాలెండర్ మీద రాయించండి. వారానికి బరువులో ఒకటి, రెండు శాతం తగ్గితే సరైన వేగం. 40 కిలోల కుక్కకు అది 400 నుంచి 800 గ్రాములు. పది కిలోలు తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, అంతకన్నా తొందర చేయకండి.

ఈ వారం పని: డబ్బా కొనండి. మూత సులువుగా వచ్చేది చూడండి, పెద్దవాళ్ల వేళ్లకు నొప్పి ఉండకూడదు. ఆయాసం గురించి ఎలా అడుగుతారో మీ ఇంటి మాటల్లో రెండు వాక్యాలు రాసుకుని, ఒకసారి పైకి చదువుకోండి. వచ్చే పాఠంలో పెళ్లిళ్లు, పండగలప్పుడు ఇంటినిండా చుట్టాలుంటే ఆ డబ్బాను ఎలా కాపాడుకోవాలో చూద్దాం.