మిద్దె దూలం మార్చాలా, బాగుచేయిస్తే చాలా?

వానలు మొదలైతే పాత మట్టి మిద్దె ఉన్నవాళ్లకు ఇదే టెన్షన్. మేస్త్రీని పిలిస్తే మొత్తం పీకి స్లాబు వేయమంటాడు. మా కడప ఇంట్లో ముందు స్క్రూడ్రైవరుతో చూసుకున్నాం, ఖర్చు చాలా తగ్గింది.

దూలం గోడలోకి దిగే చోట, తేమ మరకలున్న చోట గట్టిగా గుచ్చండి. మొన దిగకపోతే అక్కడ కొయ్య బాగున్నట్టే, పైన మట్టి, సున్నం సరిచేయిస్తే సరిపోతుంది. అరంగుళం మెత్తగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే. పుచ్చినవి ఒకటి రెండే అయితే వాటినే మార్పించండి. సగానికి పైగా పోయుంటే మరమ్మతుకు పెట్టే డబ్బు దండగ.

చెదలుంటే మాత్రం ఈ పరీక్షను నమ్మొద్దు. పైకి గట్టిగానే ఉండి లోపల డొల్లగా ఉంటుంది. సుత్తితో మెల్లగా తట్టండి, బోలు శబ్దం వస్తే మార్చేయండి. దూలం ఇప్పటికే వంగి ఉంటే ఏమీ ముట్టుకోకుండా ముందు మేస్త్రీతో కింద గుంజ ఆనించండి.