మార్స్‌డెన్ మూర్‌లో చెకుముకి పనిముట్లు చూడ్డానికి వెళ్లే ముందు

ఇంగ్లండ్‌లో పెన్నైన్ కొండల మీద, మార్స్‌డెన్ మూర్ అనే బీడు నేలలో ఉన్న మార్చ్ హిల్ వైపు వెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

- గోరంత చెకుముకి పెచ్చు కనిపించినా కదపకండి. ఆ కొండల్లో చెకుముకి సహజంగా దొరకదు, మధ్య శిలాయుగపు వేటగాళ్లు ఎక్కడినుంచో మోసుకొచ్చిందే, అది ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో ఆ వివరం చెదిరిపోతే ఇక మిగిలేది ఉత్త రాయే.
- సైజు తెలిసేలా పక్కన నాణెం పెట్టి ఫోటో తీయండి, జీపీఎస్ లొకేషన్ రాసుకోండి, ఆ నేలను చూసుకునే సంస్థ నేషనల్ ట్రస్ట్‌కి చెప్పండి. లొకేషన్ మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టొద్దు, దయచేసి!
- తవ్వకాలు, మెటల్ డిటెక్టర్ అసలే వద్దు.
- పీట్ (సగం కుళ్లిన మొక్కల పొర) నేల మెత్తన, కాలు దిగబడుతుంది. దారి వదలకండి.
- పొగమంచు కమ్మితే ఏ దిక్కో తెలియదు, ఫోన్‌తో పాటు మ్యాపు, దిక్సూచి ఉండాలి.
- నిప్పు ముట్టించొద్దు. ఎండిన పీట్ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.