కంబైన్డ్ స్టడీ ఎక్కడ చెడుతోంది: లక్షణం, కారణం, పరిష్కారం

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) దగ్గరపడగానే కంబైన్డ్ స్టడీ బృందాలు పుట్టుకొస్తాయి, రెండో మిడ్ నాటికి చాలావరకు విడిపోతాయి. సర్క్యూట్లు బోధించే నా దగ్గరకు వచ్చి "కుదరట్లేదు సార్" అంటారే గాని, ఏది కుదరలేదో అడిగితే చెప్పలేరు. అందుకే నేను తరచుగా వినే ఫిర్యాదులను తీసుకుని, వాటి వెనక ఉన్న కారణాన్ని, చేయవలసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఎవరికి వారు చదువుకున్నది నిజంగా వచ్చిందో లేదో చూసుకోవడానికే బృందం అవసరం. మొదటిసారి చదవడానికి అది పనికిరాదు. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఈ తేడా తెలియకపోవడమే.

"రెండు గంటలు కూర్చున్నాం, అర యూనిట్ కూడా కాలేదు"

ఇక్కడ కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఎవరూ ముందుగా చదివి రాలేదు. నలుగురు కలిసి ఒక పాఠాన్ని మొదటిసారి చదివితే, అందరికంటే నెమ్మదిగా చదివేవారి వేగమే అందరి వేగం అవుతుంది. ఈలోగా మిగిలినవారి చేతులు ఫోన్ల మీదికి పోతాయి. అందువల్ల లేచి వెళ్లేముందే తరువాతి సారికి రెండు లెక్కలు, ఒక థియరీ ప్రశ్న నిర్ణయించుకోవాలి. ప్రతి ఒక్కరూ వాటిని ఇంటి దగ్గర ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో ఆ వరుస కింద గీత గీసి తీసుకురావాలి. సమాధానం రాకపోయినా ఫరవాలేదు గాని ప్రయత్నం చేయకుండా రాకూడదు. ఆ గీతల దగ్గరే మాట మొదలుపెడితే గంటన్నర చాలు.

"ఒక్కడే చెబుతున్నాడు, మిగతావాళ్లం రాసుకుంటున్నాం"

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, అందరూ బాగానే సాగుతోందని పొరబడేదీ ఇదే. ఒకసారి లైబ్రరీ మెట్ల మీద థెవెనిన్ సిద్ధాంతం (పెద్ద సర్క్యూట్‌ను ఒక సోర్సు, ఒక రెసిస్టెన్స్‌గా కుదించే పద్ధతి) లెక్క చేసుకుంటున్న నలుగురు రెండో సంవత్సరం విద్యార్థుల పక్కన కాసేపు నిలబడ్డాను. బాగా చదివే అబ్బాయి పెన్ను పట్టుకుని, "వోల్టేజ్ సోర్స్ షార్ట్ చెయ్, కరెంట్ సోర్స్ ఓపెన్ చెయ్, రెసిస్టెన్స్ లెక్క కట్టెయ్" అంటూ గబగబా చెప్పుకుపోతున్నాడు. ఇద్దరు తలలూపుతూ రాసుకుంటున్నారు. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి మాత్రం "షార్ట్ ఎందుకు చేయాలి?" అని అడిగింది. "రూల్ అంతే" అన్నాడతను. తరువాతి లెక్కలో డిపెండెంట్ సోర్స్ ఉంది. దాన్ని కూడా షార్ట్ చేశాడు, సమాధానం తప్పింది. సోర్స్ వోల్టేజీని సున్నా చేస్తే దాని రెండు కొనల మధ్య వోల్టేజీ తేడా ఉండదు కనుక అది ఉత్త తీగతో సమానమవుతుందనీ, డిపెండెంట్ సోర్స్ విలువ అదే సర్క్యూట్‌లోని మరో వోల్టేజీనో కరెంటునో బట్టి మారుతుంది కనుక దాన్ని మన ఇష్టం వచ్చినట్టు సున్నా చేయడానికి వీల్లేదనీ అప్పటికి నలుగురిలో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ప్రశ్న దగ్గర ఐదు నిమిషాలు ఆగి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. చెప్పేవాడికి కూడా ఈ పద్ధతిలో ఎంత నష్టం ఉందో నాకు ఆ రోజు స్పష్టంగా కనిపించింది.

దీనికి కారణం సోమరితనమని తిట్టుకోవడం తేలిక. కాని ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ 1913లో ప్రచురించిన తాడు లాగే ప్రయోగాల్లో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా ఒంటరిగా లాగిన దానిలో సుమారు సగానికి పడిపోయింది. ఆయన దాన్ని ప్రధానంగా సమన్వయ లోపంగా భావించారు. 1979లో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లాటనే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాలు మాత్రం, గుంపులో తన వాటా విడిగా లెక్కకు రాదనుకున్నప్పుడు మనిషి శ్రమ కూడా తగ్గుతుందని చూపాయి. కనుక ప్రతి ఒక్కరి పనీ విడిగా కనిపించేలా చేయడమే మందు. ఎవరు వివరించాలో ముందుగా పంచుకోకుండా, కూర్చున్నాక చీటీ తీయండి. పేరు ఎవరిదైనా రావచ్చు గనుక అందరూ సిద్ధమై వస్తారు. పెన్ను ఆ చీటీ వచ్చినవారి చేతిలోనే ఉండాలి, బాగా వచ్చినవారు "ఎందుకు?" అని అడగడం తప్ప ఆ లెక్క ముగిసేదాకా పెన్ను ముట్టకూడదు.

"అర్థమైందనిపించింది, పరీక్షలో రాలేదు"

ఎదుటివారు చెబుతుంటే సులభంగా తోచడానికీ, తెల్ల కాగితం మీద సొంతంగా రాయగలగడానికీ చాలా దూరం ఉంది. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పాఠాన్ని మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత ముందున్నారు. వారం గడిచాక చూస్తే, చదివిన తరువాత చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారికి సుమారు 56 శాతం గుర్తుండగా, మళ్లీ చదివినవారికి 42 శాతమే మిగిలింది. కాబట్టి సమావేశం చివరి భాగంలో పుస్తకాలు మూసి ఒక ప్రశ్న రాయాలి. కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో 2020లో వచ్చిన ఆర్20 నిబంధనల కింద సెమిస్టర్ పేపరు 70 మార్కులకు, మూడు గంటలు ఉండేది. యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు ప్రశ్నలు, ఒక్కొక్కటికి 14 మార్కులు. అంటే ఒక జవాబుకు 36 నిమిషాలు. అదే గడువు పెట్టుకుని రాసి, కాగితాలు మార్చుకుని దిద్దుకోండి. దిద్దేటప్పుడు స్నేహం చూపి మార్కులు వేయడం మేలు కాదు.

"అందరికీ టైమ్ కుదరడం లేదు"

ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య కుదరవలసిన జతలు 28, నలుగురైతే ఆరే. ముందు సంఖ్య తగ్గించండి. తరువాత గుడివాడ బస్సు ఎవరికి, తెనాలి రైలు ఎవరికి, హాస్టల్ గేటు ఎప్పుడు మూస్తారు అన్నవి కాగితం మీద వేసి, వారానికి రెండు రోజులు ఖాయం చేసుకుని ఇక మార్చకండి. ప్రతిసారీ కొత్తగా అడిగి నిర్ణయించుకునే బృందం నెల నిలవడం నేను చూడలేదు. స్థలం విషయంలో ఒక మాట: విజయవాడ ఠాగూర్ గ్రంథాలయం వంటి చోట్ల ఒంటరిగా చదువుకోవడానికి ఎంత బాగుంటుందో, గొంతెత్తి వివరించడానికి అంత కుదరదు. ముందస్తు చదువు అక్కడ చేసుకుని, కలవడానికి ఖాళీ తరగతి గదిని అడిగి తీసుకోండి.

"వాట్సాప్ గ్రూపు నిండా మెటీరియలే"

పంపడాన్ని చదవడంగా భ్రమపడటం దీనికి కారణం. గ్రూపులో సందేహాలు, సమావేశ సమయం తప్ప మరేమీ పెట్టకూడదని నియమం చేసుకోండి. అభ్యాసానికి లెక్కలు చాలకపోతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో పాత ముద్రణ ఒకటి కొని నలుగురూ వాడుకోవచ్చు.

"బ్యాక్‌లాగ్ ఉన్న మిత్రుడు నోరు విప్పడు"

ఈ సమస్య నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఇంతకుముందు సబ్జెక్టు తప్పి మళ్లీ రాయవలసిన అతనికే బృందం అవసరం అందరికంటే ఎక్కువ. అడిగితే తెలివి తక్కువని అనుకుంటారన్న భయమే మూలం, దానికి తోడు మనం అతనికి తేలిక ప్రశ్నలు ఇచ్చి జాలి చూపుతాం. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్మన్ అనే గణితజ్ఞుడు, కాల్క్యులస్‌లో వెనకబడిన నల్లజాతి విద్యార్థులు కష్టపడుతూ కూడా ఒంటరిగా చదువుతున్నారనీ, బాగా రాణిస్తున్న చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికి వారు చేసుకుని ఆ తరువాత కలిసి పోల్చుకుంటున్నారనీ గమనించారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో తేలిక పాఠాలు కాకుండా కఠినమైన లెక్కలు ఇచ్చి కలిసి చేయించారు, ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. మీ మిత్రుడికీ అందరితో సమానంగా అదే లెక్క ఇవ్వండి. మొదటి రెండు వారాలు, ఎవరెక్కడ ఆగారో చెప్పే వంతు బాగా చదివేవారి నుంచి మొదలుపెట్టండి; "నాకు ఈ వరుస తెలియలేదు" అనే మాట మొదట వారి నోటి నుంచి వస్తే, మూడో వారం అతను తన నోట్‌బుక్‌ను మీ వైపు తిప్పి గీత ఎక్కడ గీశాడో చూపిస్తాడు.