డౌన్‌లోడ్‌లన్నీ ఒకే చోటికి ఎలా చేర్చానంటే

మాది విజయనగరం, పొలం గజపతినగరం వైపు. పంట లోన్ రెన్యువల్‌కి నాన్నతో బ్యాంకుకి వెళ్తే, ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమి నుంచి దించిన 1బి (పొలం ఎవరి పేరున ఉందో చూపే కాగితం) అడిగారు. ఫోన్లో ఒకే పేరుతో, చివర 1, 2, 3 అంకెలతో నాలుగు ఫైళ్లున్నాయి. కొత్తది మాత్రం ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది. నా వల్ల నాన్న ఎండలో మళ్లీ తిరగాల్సి వచ్చిందని చాలా బాధేసింది.

ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో గూగుల్ డ్రైవ్ (ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఉంచి ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో రెండింట్లోనూ చూసుకునే చోటు) డెస్క్‌టాప్ యాప్ వేసి, అందులో 'దించినవి' అని ఫోల్డర్ పెట్టాను. క్రోమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ లొకేషన్‌ని దానికే మార్చాను. ఇక ఏది దించినా నేరుగా డ్రైవ్‌లోకే. ఫోన్లో అలా దానంతటదే వెళ్లదు, ఫైల్ దిగగానే షేర్ నొక్కి డ్రైవ్‌లో పెట్టాలి. వారం రోజుల్లో అలవాటైపోయింది.

పేరు మార్చడం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. '2025-06-12 1బి నాన్న' అని ఏడాది, నెల, తేదీ ముందు రాస్తే ఫైళ్లు వాటంతటవే వరుసలో ఉంటాయి.

ఊళ్లో సిగ్నల్ అందదు కాబట్టి నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్లో పొలం కాగితాలకు 'ఆఫ్‌లైన్' ఆన్ చేశాను. ఉచితంగా వచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి, అందుకే సినిమాలు డ్రైవ్‌లో పెట్టను. ఒక్క జాగ్రత్త: ఆ ఫోల్డర్‌లో ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. పాస్‌బుక్ స్కాన్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచాను.