సి.ఎస్.ఐ. 80 ఏళ్ల పండుగ: కడప కమిటీ వాళ్లు ముందే చూసుకోవాల్సినవి

సి.ఎస్.ఐ. అంటే దక్షిణ ఇండియా సంఘం, మన ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం. అది పుట్టింది 1947 సెప్టెంబర్ 27న, మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో. 2027కి 80 ఏళ్లు నిండుతాయి.

- బ్యానర్ ప్రింటింగుకు ఇచ్చే ముందు తేదీలు ఇద్దరు చదవాలి. సంఘం వయసు వేరు, మన చర్చి కట్టడం వయసు వేరు. లండన్ మిషన్ వాళ్లు (ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు) కడపకు వచ్చింది 1822లో. ఆ లెక్క ఇందులో కలిపేస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. అప్పటిదాకా వేర్వేరు ప్రొటెస్టెంట్ శాఖలుగా ఉన్న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం వాళ్లు ఒకటైన రోజు సెప్టెంబర్ 27. ఒక్కరి పేరే వేసి మిగతావాళ్లను మరవకండి.

- 2027లో సెప్టెంబర్ 27 సోమవారం. ముందురోజు ఆదివారానికి జరిపేటట్టయితే పల్లె సంఘాలకు ఇప్పుడే కబురు పంపండి.

- సెప్టెంబర్ అంటే వానలు. షామియానా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కరెంటు వైర్లు నేల మీద వదలొద్దు.

- మైకుకు పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 దాటితే ఆపాల్సిందే, పాట సగంలో ఉన్నా సరే.

- పాత ఫొటోలు అసలువి గోడకు అంటించకండి, కాపీలు తీయించండి. ఒకసారి జిగురు పూసి ఒక మంచి ఫొటో పాడుచేసింది నేనే. ఇప్పటికీ దాని గురించి అడిగేవాళ్లున్నారు.

- భోజనాల్లో ముసలివాళ్లకు మొదటి పంక్తి. తాగునీళ్లు రెండు చోట్ల పెట్టండి.