రేడియేటర్ పైపు పగిలిందా? మార్చే ముందు పాత పైపును ఒకసారి చూడండి

మా కారుకి ఆరు నెలల్లో రెండుసార్లు రేడియేటర్ కింది పైపు పోయింది. మొదటిసారి మే నెల ఎండల్లో, సూర్యాపేట దాటాక. బానెట్ సందుల్లోంచి ఆవిరి, రోడ్డు మీద ఆకుపచ్చ కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) చార, వెనక సీట్లో అమ్మ. ఎలాగో షెడ్డుకి చేర్చాం. కొత్త పైపు వేశారు, పాతది చెత్తలో పడేశారు. దీపావళికి ముందు మళ్లీ అదే పైపు, అదే చోట చీలింది. ఈసారి పాత పైపు అడిగి తీసుకున్నాను. నొక్కి చూస్తే ఒక పక్కంతా నానిన అట్టలా మెత్తగా ఉంది, వేళ్లకి నల్లటి జిడ్డు అంటుకుంది. తీరా చూస్తే పైన ట్యాపెట్ కవర్ గాస్కెట్ (ఇంజిన్ పైమూత కింద ఉండే సీలు) నుంచి ఇంజిన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా ఆ పైపు మీదే పడుతోంది. మొదటిసారే పాత పైపును చూసి ఉంటే రెండోసారి ఆ తిప్పలు ఉండేవి కావు.

అందుకే చెబుతున్నాను, పైపు ఊరికే పగలదు. ఎందుకు పగిలిందో దాని మీదే కనిపిస్తుంది.

ముందు ఒక జాగ్రత్త

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. చాలా కార్లలో ఆ మూత సుమారు 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని లోపల ఆపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. కనీసం గంట ఆగండి. తాళం చెవి కూడా తీసేయండి, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది.

తరవాత అసలు కారుతున్నది పైపేనా అన్నది తేల్చుకోండి. వాటర్ పంప్ నుంచో, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంక్ మెడ దగ్గర పగులు నుంచో కారిన కూలెంట్ పైపు మీదుగా జారి, దాని చివర్నుంచి చుక్కలు పడుతుంది. పొడిగుడ్డతో అంతా తుడిచి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, మొదటి తడి ఎక్కడ వస్తుందో టార్చ్ వేసి చూడండి. ఎండిన కూలెంట్ తెల్లగానో, దాని రంగులోనో పొరలా పేరుకుంటుంది. ఆ పొర ఎక్కడ మొదలైందో లీకు అక్కడే.

మెత్తబడి, ఉబ్బి, జిడ్డుగా ఉంటే

ఆయిల్ పనే. ఈ పైపుల్లో వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వేడినీ కూలెంట్‌నీ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెల్ని మాత్రం తట్టుకోదు. పీల్చుకుని ఉబ్బుతుంది. సబ్బుతో కడిగినా మళ్లీ మామూలు కాదు, మార్చాల్సిందే. కానీ ముందు పై నుంచి ఆయిల్ ఎక్కడ కారుతోందో పట్టుకుని ఆపండి. కొన్ని వాషింగ్ షెడ్లలో ఇంజిన్ మెరవాలని డీజిల్ కొడతారు. దయచేసి వద్దనండి, రబ్బరుకి అది విషం.

గట్టిపడి, వంపుల దగ్గర చిట్లితే

వేడికీ వయసుకీ ఎండిపోయిన రబ్బరు. నొక్కితే లొంగదు, వంచితే సన్నటి పగుళ్లు తెరుచుకుంటాయి. ఐదారేళ్ల పైపైతే మార్చేసి ఊరుకోవచ్చు. ఏడాది రెండేళ్లకే ఇలా అయితే మాత్రం ఇంజిన్ రోజూ ఉండాల్సినదానికన్నా ఎక్కువ వేడెక్కుతోందని అర్థం. ఫ్యాన్ సమయానికి తిరుగుతోందా, రేడియేటర్ మూసుకుపోయిందా, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) సరిగ్గా తెరుచుకుంటోందా చూడాలి.

పైకి కొత్తదిలా ఉంది, అయినా చీలింది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇంజిన్‌లో రకరకాల లోహాలు ఉంటాయి, మధ్యలో కూలెంట్. ఈ కలయిక చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆ రసాయన చర్యకి పైపు లోపలి గోడ మీద వెంట్రుక లాంటి నిలువు చీలికలు వస్తాయి. వాటిగుండా కూలెంట్ లోపలి దారాల అల్లికకి చేరి దాన్ని బలహీనం చేస్తుంది. బయటి రబ్బరు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు హైవే మీద భళ్లున పోతుంది.

దీన్ని కంటితో కాదు, వేళ్లతో పట్టుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు మధ్యలో ఒకసారి, చివర బిగించే క్లిప్పుకి రెండంగుళాల లోపు ఒకసారి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కండి. చివర్లు మధ్యభాగం కన్నా మెత్తగా ఉన్నా, లోపల గాడిలా తగిలినా అదే. విప్పిన పైపుని బ్లేడుతో నిలువుగా కోసి తెరిస్తే చీలికలు కనిపిస్తాయి.

పరిష్కారం ఒక్క పైపుతో అయిపోదు. పై పైపూ కింది పైపూ రెండూ మార్చండి, కూలెంట్ మొత్తం దింపి కొత్తది పోయండి. రెడీమిక్స్ కాకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. గిన్నెల్లో తెల్ల పొర కట్టే మన బోరు నీళ్లు రేడియేటర్‌లోనూ అదే చేస్తాయి, వద్దు.

రాయిలా బిగుసుకుంటే, చదునుగా నొక్కుకుపోతే

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడిందా? అంత త్వరగా వేడికి ఒత్తిడి రాదు. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయి, సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతుండొచ్చు. కూలెంట్ బాటిల్‌లో బుడగలు, పొగగొట్టంలో ఆగని తెల్లటి పొగ కూడా ఉంటే ఇక బండి నడపకండి. ఎన్ని పైపులు మార్చినా పగులుతూనే ఉంటాయి.

దీనికి వ్యతిరేకంగా, ఇంజిన్ చల్లారాక పైపు లోపలికి నొక్కుకుపోతే పైపు తప్పేమీ లేదు. మూతలోని చిన్న వాక్యూమ్ వాల్వ్ పట్టేసింది, లేదా బాటిల్‌కి వెళ్లే సన్నటి ట్యూబ్ మూసుకుంది. పూర్తిగా చల్లారాక మూత తీస్తే సుయ్‌మని గాలి లోపలికి పోయి పైపు మళ్లీ గుండ్రంగా లేస్తుంది. మూత మార్చండి, చవకలో అయిపోతుంది.

మిగతావి

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు చేసే పని సులువుగానే తెలుస్తుంది. జంట పంటి గాట్లు, కింద రబ్బరు తురుము. పైపుతో పాటు చుట్టూ వైర్లు కూడా చూడండి. ఒకే చోట నున్నగా అరిగి ఉంటే బ్రాకెట్‌కో బెల్ట్‌కో రాసుకుంటోంది, పైపుని పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయి ఉంటుంది. క్లిప్పు కిందే గుండ్రంగా తెగితే స్క్రూ అతిగా బిగించారు.

దారిలో ఉన్నప్పుడు చీలిక చివర్లోనే ఉండి, పైపు పొడవు సరిపోతే ఆ ముక్క కోసేసి మళ్లీ తొడగొచ్చు. మధ్యలో అయితే తనంతట తానే అతుక్కునే సిలికాన్ టేప్ లాగి బిగించి చుట్టండి. ఎంసీల్ ఆ రబ్బరుని పట్టుకోదు. ఇది దగ్గరలోని షెడ్డు వరకే.

కొత్త పైపు వేశాక లోపల చిక్కిన గాలి తీయడం మర్చిపోవద్దు. చల్లగా ఉండగానే మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో నడుపుతూ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా బుడగలు పోనిచ్చి కూలెంట్ నింపండి. కింద ఒలికినది వెంటనే కడిగేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, వాటి ప్రాణం తీస్తుంది. మర్నాడు పొద్దున క్లిప్పుల కింద తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ పొడిగా వస్తే పని సరిగ్గా అయినట్టే.