ఘాట్ రోడ్డు మీద ఆటోమేటిక్ కారు: గేరు కుదుపులు, ఆయిలు మార్పిడి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లొచ్చే కారుకీ, విశాఖ బీచ్ రోడ్డులో తిరిగే కారుకీ ఒకే సర్వీసు లెక్క పనికిరాదు. బరంపురం నుంచి తప్తపాణి ఘాట్ మీదుగా మోహన వైపు వెళ్లే బండి సంగతీ అంతే. బండి నిండా మనుషులు, డిక్కీలో సామాను, ముందు నత్తనడకన లోడు లారీ, మలుపు మలుపుకీ రెండో గేరు, మూడో గేరు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిలు ఉడికేది ఇలాంటి చోటే. కంపెనీ పుస్తకంలో ఒకచోట "జీవితకాలం మార్చక్కర్లేదు" అని కనిపించినా, సర్వీసు పట్టికలో "కఠిన పరిస్థితులు" అనే వరస ఉందేమో వెతకండి. కొండదారులు, దుమ్ము, బరువు అన్నీ అందులోకే వస్తాయి. రాయగడ, పర్లాకిమిడి, జయపురం చుట్టుపక్కల తిరిగే బండి ఏదైనా ఆ వరసలోదే అనుకోండి.

ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం బాక్సో తేల్చుకోవాలి. "ఆటోమేటిక్" అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. ఒకదాని మందు ఇంకొకదానికి విషం.

ఏఎంటీ అంటే మామూలు క్లచ్ ప్లేటు, మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. 2014లో సెలెరియోతో మన దేశంలో ఇది చిన్న కార్లలోకి వచ్చింది. టార్క్ కన్వర్టర్ అంటే పూర్తిగా ఆయిలు ఒత్తిడి మీద నడిచే పాత తరహా ఆటోమేటిక్. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో ఉన్నది అదే. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. వాటిలో డ్రై క్లచ్ రకం (క్లచ్ ఆయిలులో మునగనిది) ఘాట్ ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే త్వరగా వేడెక్కుతుంది.

కుదుపు ఎప్పుడు వస్తోంది?

మేస్త్రీ దగ్గర "జర్కు వస్తోంది" అని ఊరుకుంటే అతను ఆయిలు మార్చి పంపేస్తాడు. మనం కుదుపు అన్నా, ఒరియా మేస్త్రీ ఝట్కా అన్నా, అది ఏ క్షణంలో వచ్చిందో చెప్పకపోతే ఆ మాటకి అర్థం లేదు. ఒక వారం పాటు గమనించి రాసిపెట్టుకోండి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? కాలు ఎంత తొక్కి ఉంది?

బండి నిలబడి ఉండగా పీ (పార్కింగ్) నుంచి డీ (ముందుకి) లేదా ఆర్ (రివర్సు) వేసినప్పుడు "ధబ్" మంటే, ముందు చూడాల్సింది ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు లాగి, లోపల ఒకరు ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి డీ, ఆర్ మార్చి మార్చి వేయాలి. మీరు పక్కన నిలబడి చూడండి, బండికి ఎదురుగా మాత్రం నిలబడకండి. ఇంజిన్ కాస్త ఒరిగితే ఫర్వాలేదు. లేచి పడుతున్నట్టు ఊగితే రబ్బరు చిరిగినట్టే. దీన్ని గేర్‌బాక్సు జబ్బు అనుకుని వేలు పోసేవాళ్లు చాలామంది. డీలో వేశాక రెండు సెకన్లు దాటినా బండి పట్టుకోకపోతే అది వేరే కథ. ఆయిలు తక్కువైనా ఉండాలి, లోపల ఒత్తిడైనా పడిపోతుండాలి.

సమంగా 50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే, రోడ్డు మీద సన్నగీతలు దాటుతున్నట్టు బండి వణుకుతుందా? టార్క్ కన్వర్టర్ బండిలో ఇది లాకప్ క్లచ్ (సమ వేగంలో ఇంజిన్‌నీ బాక్సునీ నేరుగా కలిపే క్లచ్) వణుకు కావచ్చు. వెనక బండ్లు లేనప్పుడు, ఆక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేకు పెడలు బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ విడిపోయి వణుకు టక్కున ఆగితే అనుమానం బలపడినట్టే. తొలిదశలో సరైన కొత్త ఆయిలుతో ఇది చాలాసార్లు తగ్గుతుంది. వణుకు ఆగకపోతే ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు చూడండి, మిస్‌ఫైర్ (ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

గేరు మారే మధ్యలో ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి పైకెగిరి, ఆ తర్వాత గేరు పడితే లోపలి క్లచ్‌లు జారుతున్నాయి. ఇది కుదుపు కంటే చెడ్డ సూచన. ఈ దశలో ఘాట్ ఎక్కించకండి.

ఏఎంటీలో ఒకటి నుంచి రెండుకి వెళ్లేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దాని పుట్టుక లక్షణం, ఏ ఆయిలూ దాన్ని పోగొట్టదు. గేరు మారబోయే క్షణంలో కాలు కొంచెం సడలిస్తే సగం తగ్గుతుంది. కానీ నిన్నటి దాకా లేని కుదుపు ఇవాళ మొదలైతే మొదట బ్యాటరీ చూడండి. రాత్రంతా నిలిపిన బండికి 12.4 వోల్టులకు తగ్గకూడదు, ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తుప్పు పట్టిన ఎర్త్ వైరు ఒక్కటి చాలు, గేరు పడక మీటరులో గేరు అంకె బదులు గీతలు మెరవడానికి. హైడ్రాలిక్ ఏఎంటీ (ఆయిలు ఒత్తిడితో గేరు వేసే రకం) బండిలో డ్రైవర్ తలుపు తీయగానే "జుయ్" మని ఒక పంపు శబ్దం వస్తుంది. అది గేరు యంత్రం ఒత్తిడి నింపుకుంటున్న చప్పుడు, మంచిదే. బండి నిలబడి గేరు మార్చకుండా ఉన్నా ప్రతి కొన్ని సెకన్లకూ అదే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంటే ఒత్తిడి నిలవట్లేదు. ఆ పైపులు మాత్రం మీరు విప్పొద్దు. లోపల నిల్వ ఉన్న ఒత్తిడిని ముందు స్కానర్‌తో (బండి కంప్యూటరుకి తగిలించే పరికరం) దించాలి, లేకపోతే ఆయిలు కళ్లలోకి చిమ్ముతుంది.

ఏఎంటీ గేర్‌బాక్సులో వేసేది మామూలు గేరు ఆయిలే. చాలా చిన్న కార్లకి 75డబ్ల్యూ-80 రకం, సుమారు 2 లీటర్లు. క్లచ్ ప్లేటు మార్చినా, బాక్సు దించి ఎక్కించినా స్కానర్‌తో క్లచ్ పట్టు బిందువును (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో) మళ్లీ నేర్పించాలి. ఆ పని మర్చిపోతే కొత్త ప్లేటు పాతదాని కంటే ఎక్కువ కొడుతుంది.

టార్క్ కన్వర్టర్ బాక్సులో ఆయిలు మార్చడం

అసలు పని ఇక్కడుంది. మన దారుల్లో 50 నుంచి 60 వేల కిలోమీటర్లకి ఒకసారి మార్చడం మంచిది. సీవీటీ అయితే 40 వేలు దాటనివ్వకండి.

ఆయిలు పేరు డబ్బా మీద చూసి కొనండి, రంగు చూసి కాదు. హ్యుందాయ్, కియా 6 గేర్ల బాక్సులు చాలావాటికి ఎస్‌పీ-4, టయోటాకి డబ్ల్యూఎస్, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్ సీవీటీకి ఎన్‌ఎస్-3 కావాలి. చివరి మాట మీ బండి పుస్తకానిదే. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు) పోస్తే బెల్టు జారి పుల్లీ గీరుకుపోతుంది, ఆ తర్వాత బాక్సే మార్చాలి. చిన్న ఊళ్ల దుకాణంలో "అన్నింటికీ పనికొస్తుంది సార్" అని ఇచ్చే డబ్బా తీసుకోకండి. విశాఖ నుంచో బరంపురం నుంచో తెప్పించుకోండి, రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

6 గేర్ల బాక్సులో మొత్తం సుమారు 7 లీటర్లు పడుతుంది. కానీ డ్రెయిన్ బోల్టు విప్పితే దిగేది 3 నుంచి 4 లీటర్లే, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అంటే ఒకసారి మారిస్తే సగమే కొత్తది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు తిప్పుతూ మూడుసార్లు చేస్తే లెక్కకి 87 శాతం దాకా కొత్త ఆయిలు చేరుతుంది. మెషీన్ పెట్టి ఒక్కదెబ్బకి ఫ్లష్ చేయడం కంటే, పాత బండికి ఈ నిదానమే మేలు. ఒత్తిడితో తోస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ (గేర్లకి ఆయిలు ఒత్తిడి పంచే భాగం) సన్నదారుల్లో ఇరుక్కోవచ్చు. ఇప్పటికే జారుతున్న బాక్సుకి ఆయిలు మార్చాక జారడం ఎక్కువైతే "కొత్త ఆయిలే పాడుచేసింది" అంటారు. క్లచ్ అరిగింది అంతకుముందే.

బండిని నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలపాలి. ముందు చక్రాలు మాత్రమే జాకీ ఎత్తితే మట్టం తప్పుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. మొదట ఆయిలు పోసే బోల్టు విప్పండి, తర్వాతే డ్రెయిన్ బోల్టు. వరస మారిస్తే, పోసే బోల్టు బిగుసుకుని రాకపోతే ఖాళీ బాక్సుతో షెడ్డులో కూర్చోవాలి. దిగిన ఆయిలు కొలత జగ్గులో పట్టి, ఎంతో రాసుకోండి. అంతే కొత్తది పోయాలి.

ఆయిలు చుక్క తెల్లకాగితం మీద వేసి చూడండి. ఎరుపు, గోధుమ రంగు ఫర్వాలేదు. నల్లగా మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలాయి. రోజ్ మిల్క్ లాగా గులాబీ రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయి. వాగు దాటినప్పుడు బ్రీదర్ (బాక్సుకి గాలి ఆడే గొట్టం) నుంచి వచ్చి ఉండాలి, లేదా రేడియేటర్‌లో ఉన్న ఆయిలు కూలర్ పగిలి ఉండాలి. ఆ ఆయిలుతో ఒక కిలోమీటరు కూడా నడపకండి.

కింద చాంబర్ (ఆయిలు నిలిచే అడుగు పళ్లెం) విప్పే రకమైతే అందులోని అయస్కాంతాలు చూడండి. కాటుకలా మెత్తటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే, గుడ్డతో తుడిచి పెట్టేయండి. వేలికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు, ఇత్తడి మెరుపులు కనిపిస్తే ఫిల్టరు మార్చడం దండగ, బాక్సు విప్పాల్సిందే. చాంబర్ బోల్టులకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అల్యూమినియం మరలు, బలం చూపించే చోటు కాదు. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

ఇప్పుడు మట్టం. మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదానిలో రెండు మూడు సెకన్లు ఉంచి, రెండుసార్లు తిప్పి పీకి తీసుకురండి. స్కానర్‌లో గేరు ఆయిలు వేడి చూస్తూ ఉండండి. టయోటా రకం బాక్సులు చాలావాటికి 40 డిగ్రీల చుట్టుపక్కల, హ్యుందాయ్ 6 గేర్లకి 50 నుంచి 60 మధ్య చూడాలి. ఆ వేడి వచ్చినప్పుడు, ఇంజిన్ నడుస్తుండగానే మట్టం బోల్టు (ఆయిలు సరిపడా ఉందో చూపే బోల్టు) విప్పండి. సన్న ధార వచ్చి చుక్కలుగా మారగానే బిగించేయండి. ఏమీ రాకపోతే చుక్కలు పడేదాకా పోయండి. ఆయిలు వేడికి ఉబ్బుతుంది. అంతకంటే వేడిగా ఉన్నప్పుడు విప్పితే అవసరమైనదీ కారిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు విప్పితే ఎక్కువ మిగిలి నురగ కడుతుంది. రెండింటి ఫలితమూ కుదుపే. రాయగడలో మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద, ఇంజిన్ ముట్టకముందే ఆయిలు 40 దగ్గర ఉంటుంది. టయోటా బండికి ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి.

తర్వాత స్కానర్‌తో బాక్సు కంప్యూటరు నేర్చుకున్న పాత అలవాటు లెక్కలు చెరిపి, తేలిక కాలుతో అన్ని గేర్లూ పడేలా వేగం పెంచి, నెమ్మదిగా ఆపాలి. ఇలా ఎనిమిది పదిసార్లు. మొదటి రోజు కాస్త తడబడుతుంది, అప్పుడే మళ్లీ షెడ్డుకి పరిగెత్తకండి.

ఘాట్‌లో నడిపేటప్పుడు

ఎక్కేటప్పుడు గేరు రెండు మూడు మధ్య ఊగిసలాడుతుంటే ఎం మోడ్‌లో (గేరు మనమే ఎంచుకునేది) రెండో గేరు పట్టి ఉంచండి. దిగేటప్పుడూ అదే, లేదా ఎల్ (తక్కువ గేరు) వాడండి. వాలులో న్యూట్రల్ వేయొద్దు. ఏఎంటీ, డ్రై క్లచ్ బండిని వాలులో ఆక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేకుతో నిలపండి. లేకపోతే క్లచ్ ప్లేటు కాలే వాసన కారులోకే వస్తుంది.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. టార్క్ కన్వర్టర్ బాక్సులో ఆయిలు పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే లోపల భాగాలు ఎండబారి అరుగుతాయి. పొట్టంగి దగ్గర ఆగినా సరే, మొత్తం బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఆగండి. అది దొరకనే దొరకదంటే, ముందు చక్రాలతో నడిచే బండికి ఆ ముందు చక్రాలు నేల తగలకుండా ఎత్తి లాగించండి.